ఓయామా కొండ మీద 16వ రాయి దగ్గర వెనక్కి తిప్పేశారు, వాలంటీర్ గైడ్ చేసింది న్యాయమేనా?

అనంత_యోకోహామా
పోయిన శనివారం జరిగింది ఇది, నాలుగు రోజులైనా మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఇక్కడ జపాన్‌లో ఇసెహారా ఊరి దగ్గర ఓయామా కొండకు పోయినాం, 1252 మీటర్లు. వాలంటీర్లే గైడ్లుగా వచ్చి మనలాంటి విదేశీయులను పొద్దున ఎక్కించి సాయంత్రానికి దించుతారు. ఫీజు లేదు, ఇన్సూరెన్స్‌కి తలా 500 యెన్ కట్టినాం అంతే. గ్రూపు పేరు చెప్పను. కాగితంలో మాత్రం "శిఖరం వరకు" అని రాసినారు, అది నేను రెండుసార్లు చదువుకున్నా.

మొత్తం 14 మంది. ముందర 70 దాటిన పెద్దాయన, వెనకాల ఇంకో ఆవిడ. కింది గుడి నుంచి శిఖరానికి పోయే దారి పొడుగునా రాళ్ళు నాటింటారు, 1 చోమె, 2 చోమె అని, 28 దగ్గర పైగుడి. మేము 16 దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం 1:35. పెద్దాయన వాచీ చూసుకున్నాడు, వెనక ఆవిడతో ఏదో మాట్లాడినాడు, అందరినీ కూర్చోబెట్టి నీళ్ళు తాగమన్నాడు, ఈ రోజుకు ఇంతే, దిగుదాం అన్నాడు. గ్రూపులో ఒకామెకు కాలు పట్టేసింది, ఇద్దరు మామూలు బూట్లలో వచ్చినారు, అది నిజమే. కానీ మేము బాగానే నడుస్తున్నాం, మా పాపకు 9 ఏళ్ళు, అది మాకంటే ముందుంది. గైడ్లు ఇద్దరున్నారు కదా, ఒకరు మమ్మల్ని పైకి తీసుకపోండి, ఒకరు వాళ్ళను దించండి అని అడిగినా. తల అడ్డంగా ఊపినాడు. "యామా వా నిగెనై" అన్నాడు, కొండ ఎక్కడికీ పారిపోదంట.

నాకు ఎందుకింత బాధ అంటే, మా నాన్న అనంతపురంలో వేరుశనగ వేస్తాడు. ఓయామాను ఇక్కడ వాన దేవుడి కొండ అంటారని, రైతులు వానల కోసం మొక్కుకునేవాళ్ళని ఫోన్‌లో చెప్పినా. పోయిన సంక్రాంతికి ఊరికి పోతే రూపాయి బిళ్ళ పసుపు గుడ్డలో ముడుపు కట్టి ఇచ్చినాడు, ఆ దేవుడి కాడ పెట్టు నాయనా అని. ఆ ముడుపు జేబులో పెట్టుకోని పోయి జేబులోనే తెచ్చుకున్నా. నేనడిగింది తప్పా చెప్పండి.

నిషికసాయ్_రాధ
ముడుపు మాట చదివి కళ్ళు చెమర్చాయి. మీరు అడిగింది తప్పు కాదు, ఆయన ఒప్పుకోకపోవడమూ తప్పు కాదు. నవంబర్ ఆఖరులో ఇక్కడ సూర్యాస్తమయం నాలుగున్నరకి. ఆ దేవదారు చెట్ల కింద అయితే మూడున్నరకే చీకటి. లెక్క వేసుకోండి.

బెజవాడ_బుల్లెట్
నేను అనంత అన్న వైపే. ఫ్రీ అయితే ఏంటి, కాగితంలో శిఖరం అని రాసినప్పుడు ఆ ప్రకారం ప్లాన్ చెయ్యాలి కదా. పొద్దున ఎన్నింటికి మొదలెట్టారు? అది ముఖ్యం.

అనంత_యోకోహామా
ఇసెహారా స్టేషన్ దగ్గర 8:40కి కలిసినాం. అక్కడి నుంచి బస్సు అరగంట. బస్సు దిగినాక మెట్ల దారి, రెండు పక్కలా బొంగరాల అంగళ్ళు, టోఫు హోటళ్ళు. తర్వాత కేబుల్ కార్ ఎక్కకుండా ఒన్నజాకా దారిలో నడిచి పోయినాం. మధ్యలో ఓయామాదేరా గుడి దగ్గర మేపుల్ ఆకులు ఎర్రగా ఉన్నాయి, ఆ మెట్ల మీద ఫొటోలకే అరగంట పోయింది. కింది గుడికి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. తినేసి 12:20కి పైకి బయలుదేరినాం.

బెజవాడ_బుల్లెట్
అయితే ఆలస్యం ఫొటోల దగ్గరే జరిగింది. ఆ అరగంట గైడ్ ఆపకపోవడం ఆయన తప్పు అంటాను.

టాంజావా_గాలి
అనంత గారూ, నేను గుంటూరు అమ్మాయిని, అత్సుగిలో ఉంటాను, రెండేళ్ళుగా ఇంకో వాలంటీర్ గ్రూపులో గైడ్ పని నేర్చుకుంటున్నాను, మీరు వెళ్ళిన గ్రూపు కాదు. అటు వైపు ఏం జరుగుతుందో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఒక రోజు నడకకి మేము కనీసం ఒకసారి ముందుగా వెళ్ళి దారి మొత్తం నడిచి చూస్తాం, దాన్ని షితామి అంటారు. ఆ ఛార్జీలు మా జేబులోంచే. ఎక్కడ వేరు పైకి లేచింది, ఎక్కడ గొలుసు వదులైంది, ఏ టాయిలెట్ మూసేశారు, ఇవన్నీ రాసుకుని టైమ్ టేబుల్ వేస్తాం. అందులో ఎర్ర ఇంకుతో ఒక లైన్ ఉంటుంది, ఫలానా చోటికి ఫలానా టైమ్ దాటితే వెనక్కి అని. ఆ లైన్ ఇంట్లో కూర్చుని, కాళ్ళు చల్లగా ఉన్నప్పుడు వేసుకుంటాం, ఎందుకంటే కొండ మీద ఉన్నప్పుడు ఎవరికైనా ఇంకో పది నిమిషాలు అనే అనిపిస్తుంది. మీ పెద్దాయన 16 దగ్గర వాచీ చూసుకున్నాడంటే ఆయన లైన్ అక్కడే గీసుకుని ఉంటాడు.

16 నుంచి పైకి మీ గ్రూపు వేగంతో ఇంకో 50 నిమిషాలు, పైన మొక్కుకుని ఫొటోలు 20 నిమిషాలు, దిగడానికి కింది గుడి దాకా గంటన్నర, రాళ్ళ మీద అలిసిన కాళ్ళతో దిగడం ఎక్కడం కంటే కష్టం. నాలుగుంపావు అవుతుంది. 14 మందిలో హెడ్‌లైట్ ఎంతమంది దగ్గర ఉంది?

ఇక రెండుగా విడగొట్టడం. గైడ్లు ఇద్దరు కాదు అక్కడ, ఒక తల ఒక తోక. ముందున్న మనిషి దారి చూస్తాడు, వెనకున్న మనిషి ఎవరూ మిగిలిపోకుండా చూస్తుంది. విడగొడితే రెండు గ్రూపులకీ తోక లేదు. పోయిన ఏడాది వసంతంలో మేము అదే పని చేశాం. త్వరగా నడిచేవాళ్ళు ఐదుగురు మేము ముందు వెళ్తాం అంటే సరే అన్నాం, వాళ్ళతో పాటు నన్నే పంపారు. మిహరాషిదాయ్ వైపు దిగుతుంటే ఒకాయన బూటు లేసు కట్టుకోవడానికి ఆగాడు, నేను ముందున్నాను, చూడలేదు. తర్వాతి మలుపులో లెక్కపెడితే నలుగురే. గంటా ఇరవై నిమిషాలు. ఫోన్ సిగ్నల్ లేదు. ఆయన ఏమీ కాకుండా వేరే దారిలో దిగి బస్టాప్ దగ్గర టీ తాగుతూ కనిపించాడు గానీ, ఆ గంటా ఇరవై నిమిషాలు నేను ఆయన పేరు పిలుస్తూ ఎక్కి దిగింది ఎవరికీ చెప్పుకోలేను. జపాన్‌లో 2023లో కొండల మీద ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్ళు 3,500 మందికి పైనే, పోలీసుల లెక్కల్లో మొదటి కారణం దారి తప్పడం. పెద్ద పెద్ద మంచు కొండల్లోనే కాదు, ఇలాంటి ఒక్క రోజు కొండల్లో కూడా.

షింకాన్సెన్_శీను
లేసు కట్టుకోవడానికి ఆగినాయన సంగతి చదివి నాకే చెమట పట్టింది.

వరంగల్_పోరడు
గాలి అక్క చెప్పింది కరెక్టే గని ఒక్క మాట. గా పెద్దాయన గిదంతా నోరు తెరిచి చెప్పుంటే అనంత అన్నకు గింత బాధ ఉండకపోవు కద. వాచీ చూసుడు, తల ఊపుడు, కొండ పారిపోదు అనుడు. మనకు కారణం చెప్తే సగం కోపం పోతది.

టాంజావా_గాలి
ఒప్పుకుంటాను. పొద్దున స్టేషన్ దగ్గరే వెనక్కి తిరిగే టైమ్ అందరికీ చెప్పాలి. మేము చెప్తాం. వాళ్ళు చెప్పలేదంటే అది లోపమే.

అనంత_యోకోహామా
ఒక మాట సరిదిద్దుకోవాలి. మా ఆవిడ ఇది చదివి, పొద్దున బస్టాప్‌లో ఆయన ఒక కాగితం పంచినాడు గదా, అందులో టైములు ఉన్నాయి, నువ్వు పాప సంచి సర్దుతున్నావు అనింది. తీసి చూసినా. 16 చోమె పక్కన 13:00 అని రాసి కింద గీత గీసింది. అంటే ఆయన మాకోసం ఇంకో 35 నిమిషాలు ఎక్కువే ఇచ్చినాడు.

నిషికసాయ్_రాధ
చూశారా.

సింహాచలం_అప్పన్న
ఓయామాదేరా పేరు వచ్చింది గనక ఒక ముచ్చట. అక్కడ లోపల ఉండేది ఇనుముతో పోత పోసిన ఫుదో మ్యోఓ అనే దేవుడి విగ్రహం, కామాకురా కాలం నాటిది, అంటే ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటిది. తేదీలో 8 ఉన్న రోజుల్లో, అంటే 8, 18, 28 తారీఖుల్లో తెర తీస్తారు. ఫుదో అంటే కదలనివాడు. సంస్కృతంలో ఆయన అసలు పేరు అచలుడు. మాది సింహాచలం అండి, అచలం అంటే కొండ అని పుట్టినప్పటినుంచీ వింటున్నాం, వెంకటాచలం, అరుణాచలం, సింహాచలం. కదలనిది కాబట్టి కొండ, కదలనివాడు కాబట్టి ఆ దేవుడు. నేను 28న వెళ్ళాను. లోపల పూజారి గారు నోమాకు సామందా బజరదా అని చదువుతుంటే మొదట అర్థం కాలేదు, తర్వాత చెవికి ఆనింది, నమః సమంత వజ్రాణాం, చండ మహారోషణ స్ఫోటయ! మన మంత్రమే చైనా మీదుగా ఇక్కడికి వచ్చి నోరు తిరిగి అలా మారింది. పన్నెండు వందల ఏళ్ళ కిందటి మాట. ఆ గుడి 755లో రోబెన్ అనే భిక్షువు కట్టించాడు, నారాలో తోదాయ్‌జీ గుడి మొదటి అధిపతి ఆయనే.

పాలకొల్లు_పిల్ల
అప్పన్న గారూ ఇది నాకు తెలీదు, ఆ గుడి ముందు మూడుసార్లు నడిచి వెళ్ళిపోయాను. ఈ 28కి సెలవు పెడుతున్నా.

బెజవాడ_బుల్లెట్
మంచి సమాచారం. నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా, కాగితంలో టైమ్ రాసి ఉంటే గైడ్ తప్పు లేదు. ఫొటోల దగ్గర అరగంట మాత్రం నేను వదలను.

మెట్లదారి_మూర్తి
తిరుమలకి శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. యమగతాలో హగురో కొండకి 2,446. ఇంచుమించు ఒకటే. నేను రెండూ ఎక్కాను. హగురోలో 414 మీటర్లే గానీ మెట్లు సన్నగా పొట్టిగా ఉంటాయి, పాదం అడ్డంగా పెట్టాలి, రెండు పక్కలా మూడు వందల ఏళ్ళు దాటిన దేవదారు చెట్లు. అక్కడ తెల్ల బట్టలు కట్టుకున్న యమబుషిలు, అంటే కొండల్లో తపస్సు చేసేవాళ్ళు, శంఖం ఊదుతారు, అది విన్నాక ఎక్కడున్నామో మర్చిపోతాం. ఓయామాకి వెళ్ళేవాళ్ళు పాతరోజుల్లో "రొక్కోన్ షోజో" అంటూ ఎక్కేవారట. ఆరు ఇంద్రియాలు శుద్ధి కావాలని, కళ్ళు, చెవులు, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు. మనం గోవిందా అన్నట్టే. అనంత గారూ మీ పెద్దాయన అనలేదా?

అనంత_యోకోహామా
అన్నాడు మూర్తి గారూ! మా పాపకు నేర్పించినాడు. ఆయన రొక్కోన్ అంటే ఇది షోజో అని అరుస్తా పోయింది. ఇంకోటి, ఒన్నజాకా దారిలో ఏడు వింతలు ఉంటాయంట, ఒకటి ముమ్యో వంతెన. దాని మీద మాట్లాడితే ఏదో ఒకటి పోగొట్టుకుంటారని చెప్పి, పాపను చూసి నోటి మీద వేలు పెట్టుకోని నడిచినాడు. మా పాప రెండు చేతులతో నోరు మూసుకోని బుగ్గలు ఉబ్బించుకోని దాటింది. ఊపిరి కూడా బిగబట్టింది పిచ్చిది. ఆ తర్వాత కన్ను ఆకారంలో ఉండే రాయి, దాన్ని తాకితే కంటి జబ్బులు పోతాయంట, అక్కడ మా అమ్మ శుక్లం ఆపరేషన్ గుర్తొచ్చి నేనూ తాకినా. రాస్తా ఉంటే గుర్తొస్తోంది, మంచి రోజే అది.

సింహాచలం_అప్పన్న
ముమ్యో అంటే అవిద్య. అజ్ఞానపు వంతెన. నోరు మూసుకుని దాటమన్నారు, బాగుంది.

వరంగల్_పోరడు
మా ఆఫీసుల ఒకాయన ఉన్నడు, ఆయనకు ఆ వంతెన కంపల్సరీ చెయ్యాలె.

కోయాసాన్_కుమారి
మరీ అంత పవిత్రం అనకండి. ఈ కొండల్లో చాలావాటికి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. ఓయామా శిఖరానికి కూడా మేజీ కాలం దాకా, అంటే పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగం దాకా, ఆడవాళ్ళకి అనుమతి లేదు. నారాలో ఓమినె కొండ మీద సంజోగతకె శిఖరానికి ఇప్పటికీ లేదు, దారి మొదట్లోనే గేటు ఉంటుంది, జపనీస్‌లో ఇంగ్లీష్‌లో రాసి మరీ. నేను ఆ గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. అనంత గారు టైమ్ చాలక ఆగారు. నేను ఆడదాన్ని కాబట్టి ఆగాను. ఆ రెండూ ఒకటి కాదు.

షింకాన్సెన్_శీను
అది అక్కడి ఆచారం అక్కా, మనం బయటివాళ్ళం.

కోయాసాన్_కుమారి
బయటివాళ్ళం కాబట్టి నొప్పి ఉండదా. జపాన్ ఆడవాళ్ళే దాని మీద మాట్లాడుతున్నారు. నేను గేటు దాటలేదు, ఊళ్ళో గుడికి దణ్ణం పెట్టుకునే వచ్చాను, కానీ నచ్చలేదని చెప్పే హక్కు నాకుంది.

నిషికసాయ్_రాధ
ఉంది కుమారి గారూ. శబరిమల మాట ఇక్కడికి రాకముందే ఇంకో దారం మొదలెడదాం, అది పెద్ద చర్చ. ఇక్కడ ముడుపు సంగతి తేలలేదు ఇంకా.

దోభాషీ_మాస్టారు
నేను ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ అనువాదాల పని చేస్తున్నాను, ఓయామా అంటే ప్రాణం, కాబట్టి అనంత గారికి ఒకటి చెప్పాలి.

మీరు పైకి బయలుదేరినప్పుడు కింది గుడి పక్కన ఒక ద్వారం దాటి ఉంటారు, దాని వెంటనే నిటారుగా రాతి మెట్లు. గుర్తు చేసుకోండి, ఆ ద్వారానికి రెండు తలుపులు, ఒకటే తీసి ఉంటుంది. మీరు ఆ సగం సందులోంచే వెళ్ళారు. ఎదో కాలంలో, అంటే టోక్యోని ఎదో అనే రోజుల్లో, ఆ తలుపులు ఏడాదంతా మూసే ఉండేవి. వేసవి ఉత్సవానికి మూడు వారాలు మాత్రం తీసేవారు. ఆ ఎదో పది లక్షల జనాభా ఉన్న నగరం, అక్కడి నుంచి మంచి ఏళ్ళలో ఓయామాకి రెండు లక్షల మంది నడిచి వచ్చేవారని చెప్తారు. వడ్రంగులు, మంటలార్పేవాళ్ళు, చేపల వర్తకులు, వీధి వీధికీ ఒక సంఘం కట్టుకుని, చందాలు వేసుకుని, మనిషికి మించిన చెక్క కత్తులు భుజాన వేసుకుని. మిగతా రోజుల్లో వచ్చినవాళ్ళందరూ ఆ మూసిన తలుపుల దగ్గరే మొక్కు చెల్లించుకుని పోయేవారు. ఇప్పటికీ జూలై 27న ఆ తలుపులు తీసే హక్కు టోక్యో నిహోంబాషి వైపు నుంచి వచ్చే ఒక పాత భక్త సంఘానిదే, వంశపారంపర్యంగా. ఆగస్టు 17 దాకా ఉత్సవం.

ఇంకోటి. వాన దేవుడు అన్నారు కదా. ఆ కొండకి అఫురి అని ఇంకో పేరు, వాన కురిసే కొండ అని. సముద్రం నుంచి వచ్చే తేమ గాలి మొదట తగిలేది దానికే, అందుకే శిఖరం తరచూ మబ్బులో ఉంటుంది, కింద పొలాల్లోని రైతులకి ఆ మబ్బే గుర్తు. అక్కడ ముఖ్య దేవుడు కొండల దేవుడు ఓయామాత్సుమి, ఆయనతో పాటు తకఓకామి అని నీళ్ళ దేవత. కింది గుడిలో వీళ్ళు లేరనుకోకండి, అదే దేవుడి గుడి.

చివరిగా గైడ్ల మాట. ఆ ఊళ్ళో యాత్రికులని ఇంట్లో దించుకుని, అన్నం పెట్టి, కొండ మీదికి తీసుకెళ్ళే కుటుంబాలు ఉన్నాయి, సెన్దోషి అంటారు, ముందుండి నడిపించేవాళ్ళు అని. మన కాశీ పండాల్లాగే. మీ ఊరివాళ్ళు ఎవరు, తాతలు ఎప్పుడొచ్చారు అనేది వాళ్ళ పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పటికీ కొందరు సత్రాలు నడుపుతున్నారు. టోఫు అక్కడ ప్రసిద్ధి అవడానికీ వాళ్ళే కారణం, కొండ నీళ్ళు మంచివి, యాత్రికులు కానుకగా సోయా గింజలు తెచ్చేవారు. కొండ మీద ముందు నడిచే మనిషి మాట వినడం అక్కడ నిన్నా మొన్నా పుట్టింది కాదు.

పాలకొల్లు_పిల్ల
మాస్టారూ ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు మీరు, తరచూ రాయండి.

అనంత_యోకోహామా
ఆ తలుపు నా ఫొటోలో ఉంది! ఇప్పుడు జూమ్ చేసి చూసినా. ఎడమ పక్కది మూసింది. మా పాప దానికి ఆనుకోని నిలబడింది. నేను అప్పుడు ఎవరో సగం తెరిచి మర్చిపోయినారు అనుకున్నా.

టోఫు_ప్రియ
టోఫు మాట వచ్చింది కాబట్టి శాకాహారులకి చిన్న హెచ్చరిక. అక్కడి టోఫు భోజనాలు చూడ్డానికి పూర్తి శాకాహారంలా ఉంటాయి, పులుసులో కట్సువో చేప రసం ఉంటుంది చాలా చోట్ల. ముందే ఫోన్ చేసి అడగండి. మేము పులిహోర కట్టుకెళ్తాం, నిమ్మకాయది కాదు చింతపండుది, సాయంత్రం దాకా పాడవదు.

వరంగల్_పోరడు
చెత్త డబ్బాలు ఉండయ్ అక్కడ, ఆకు గూడ ఇంటికే తెచ్చుకోవాలె. నేను అరటి తొక్క జేబుల పెట్టుకొని ఇసెహారా దాంక వచ్చిన.

జలగల_బాధితుడు
వేసవిలో వెళ్ళేవాళ్ళు నా మాట వినండి. ఓయామా ఉన్న టాంజావా కొండల్లో జలగలు ఉంటాయి, యమబిరు అంటారు. జింకల వెంట వచ్చి విస్తరించాయని చెప్తారు. రెండేళ్ళ కింద జూన్‌లో వాన పడ్డ మర్నాడు వెళ్ళాను. ఇంటికొచ్చి సాక్స్ తీస్తే మడమ పైన చిన్న ద్రాక్షపండు అంత, నల్లగా మెరుస్తూ. నొప్పి అస్సలు తెలీదు, అది రాలిపోయాక రక్తం మాత్రం ఆగదు, నాకు రెండు గంటలు కారింది. మా ఆవిడ పసుపు అద్దింది, అయినా సాక్స్ పారేశాం. ప్యాంటు అంచు సాక్స్‌లోకి దోపండి, సాక్స్‌కి ఉప్పు నీళ్ళు పట్టించి ఆరబెట్టండి, తడి ఆకుల మీద కూర్చోకండి, పది నిమిషాలకి ఒకసారి బూట్లు చూసుకోండి. పీకకండి, ఉప్పు వేస్తే అదే పడిపోతుంది.

షింకాన్సెన్_శీను
హ్యాండిల్ పెట్టుకోవడానికి ఇంత కథ ఉందని తెలీదు అన్నా.

బెజవాడ_బుల్లెట్
సరే, ముడుపు ఎక్కడ పెట్టాలి? పైగుడిలో చెట్టుకి కట్టచ్చా?

దోభాషీ_మాస్టారు
చెట్టుకి కట్టకండి, ఎక్కడపడితే అక్కడ వదలకండి, అది వాళ్ళకి చెత్త కింద లెక్క అవుతుంది, పాపం ఎవరో ఏరాలి. కానుకల పెట్టెలో వేయచ్చు, కానీ మన రూపాయి బిళ్ళ వాళ్ళు బ్యాంకులో మార్చుకోలేరు.

నిషికసాయ్_రాధ
నేనైతే ఇలా చేస్తాను. పెట్టెలో ఐదు యెన్ బిళ్ళ వేస్తాను, గోఎన్ అంటే వాళ్ళకి బంధం అని కూడా కదా. ముడుపు దేవుడి ముందు చేతిలో పెట్టుకుని రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, మళ్ళీ ఒకసారి వంగి, ముడుపు వెనక్కి తెచ్చి నాన్నగారికి పంపిస్తాను. విత్తనాల మూటలో వేసుకుంటారు.

పాలకొల్లు_పిల్ల
ఇది బాగుంది రాధక్కా. కింది గుడి అడుగున, నేల మాళిగలో నీటి ఊట ఉంటుంది, డ్రాగన్ నోట్లోంచి నీళ్ళు పడతాయి, తాగచ్చు, సీసాలో పట్టుకోవచ్చు. ఆ నీళ్ళు కూడా పంపండి. మేము గంగ తెచ్చుకున్నట్టు మా అత్తగారు రెండు సీసాలు పట్టుకెళ్ళారు, చెక్ ఇన్ లగేజీలో ఏ ఇబ్బందీ రాలేదు.

అనంత_యోకోహామా
నిన్న రాత్రి నాన్నకు ఫోన్ చేసినా. మొదట ముడుపు పెట్టలేదని చెప్పడానికి నోరు రాలేదు, ఇన్నాళ్ళూ పెట్టేసినా అన్నట్టే మాట్లాడతా ఉన్నా, నిన్న ఉన్నదున్నట్టు చెప్పేసినా. పెద్దాయన ఆపింది, కాలు పట్టేసినామె, 13:00 కాగితం, అన్నీ. ఆయన ఏమీ అనలేదు. తర్వాత మాస్టారు రాసిన తలుపు సంగతి చెప్పినా. అక్కడ పట్టుకున్నాడు. ఒక రెక్కే తీసింటారా? ఇంకో రెక్క ఎప్పుడు తీస్తారు? జూలై 27 అని చెప్పినా. మళ్ళీ అడిగినాడు, ఏ నెల? జూలై. ఆగస్టు 17 దాకా.

మాకు ఊర్లో ఏడాదికి పడేదే అటూ ఇటూగా 550 మిల్లీమీటర్లు. జూన్ ఆఖరులోనో జూలైలోనో విత్తుతారు, విత్తినాక ఆ జూలై ఆఖరు, ఆగస్టు వాన పడితేనే పంట, లేకపోతే కట్టె. ఆయన కాసేపు ఉండి, అయితే సరిగ్గా మనకు వాన కావాల్సినప్పుడే వాళ్ళు తలుపు తీస్తారు, అప్పుడు పో, రెండు రెక్కలూ తీసింటారు, అన్నాడు. ఇప్పుడు పోయింటే సగం తలుపులోంచి పోయి అడిగినట్టు అయ్యుండేది అన్నాడు. ఫోన్ పెట్టే ముందర, ఆ పెద్దమనిషికి ఏమైనా ఇచ్చినావా అని అడిగినాడు. లేదు నాన్నా, కోపంలో సరిగ్గా మాట్లాడకుండానే వచ్చేసినా అని చెప్పినా.

ఈ పొద్దున ఆయనకు మెయిల్ రాసినా. క్షమించమని, నా కారణం ఇదీ అని, ముడుపు సంగతి అంతా. మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. ముందే తెలిసుంటే బాగుండేది, అయినా ఆ టైముకి పైకి తీసుకపోయేవాణ్ణి కాదు, అని రాసినాడు. తమ నాన్నది కూడా వరి పొలమంట, చిన్నప్పుడు వాళ్ళ ఊరి సంఘంతో ఓయామా వచ్చేవాడంట.

వరంగల్_పోరడు
అయినా తీసుకపోయేవాణ్ణి కాదు అన్నడు సూడు, గట్లుండాలె మనిషి.

కోయాసాన్_కుమారి
మీ నాన్నగారి మాట నాకు చాలా నచ్చింది. జూలైలో నేనూ వస్తాను. ఆ తలుపు అయితే నాకూ తీస్తారు కదా.

టాంజావా_గాలి
అనంత గారూ, ఆయనకి డబ్బు ఇవ్వబోకండి, నొచ్చుకుంటారు. చిన్న స్వీట్ డబ్బా, ఊరి నుంచి వచ్చిందైతే ఇంకా మంచిది, వేరుశనగ చిక్కీ లాంటిది, పాప చేతితో ఇప్పించండి. ఆయన రోజు ప్రయాణ ఖర్చు మాత్రం గ్రూపు తరఫున ఇస్తారేమో కనుక్కుని, లేకపోతే అందరూ పంచుకోండి, అది చాలాచోట్ల పద్ధతే.

జూలై మాటకొస్తే, వేడి ఎక్కువ, మధ్యాహ్నం ఉరుములు. కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి, 12 లోపు శిఖరం దాటి దిగుతూ ఉండాలి. నేను ఆ మొదటి ఆదివారం రాగలను, ముందు వారం షితామికి వెళ్తాను, ఎవరైనా తోడొస్తే సంతోషం. 7:00కి ఇసెహారా. హెడ్‌లైట్ ఎండాకాలమైనా తప్పనిసరి, మనిషికి లీటరున్నర నీళ్ళు. మామూలు బూట్లతో ఎవరొచ్చినా కింది గుడి దగ్గరే ఆపేస్తాను, ఇప్పుడే చెప్తున్నా. మా ఇంట్లో 25 సెంటీమీటర్లవి ఒకటి, 27వి ఒకటి కొండ బూట్లు అదనంగా ఉన్నాయి.

షింకాన్సెన్_శీను
27 నావి. షితామికి కూడా వస్తాను.

పాలకొల్లు_పిల్ల
నేనూ, మా ఆయన. 20 చోమె దగ్గర ఫుజి కనిపిస్తుందంటారు, వేసవిలో మబ్బుంటుంది గానీ చూద్దాం.

బెజవాడ_బుల్లెట్
నేను వస్తా. ఓయామాదేరా దగ్గర ఫొటోలకి పది నిమిషాలే, నేనే వాచీ పట్టుకుంటా.

అనంత_యోకోహామా
మేము ముగ్గురం. పెద్దాయన్ను కూడా పిలిచినా, ఆ వారం ఇంకో గ్రూపు ఉందంట, కుదిరితే కింది గుడి దగ్గర కలుస్తా అన్నాడు. చిక్కీ అమ్మ పంపిస్తోంది.

జలగల_బాధితుడు
జూలై చివర, తడి నేల. ఉప్పు నేను తెస్తా, అందరికీ సరిపడా.